బల్ల రొట్టె

బస్సు పొందూరు దాటి మొక్కజొన్న చేల మధ్య పడ్డాక ఏసమ్మ ఒళ్లోని డబ్బా మీద చెయ్యి వేసి చూసుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది. తెల్లారగట్ల లేచి, ఉప్పు వెయ్యకుండా, పిండి పొంగనివ్వకుండా, సన్నసెగ మీద కాల్చిన రొట్టె. దాన్ని చుట్టిన పొందూరు ఖద్దరు గుడ్డకు గంజి పెట్టి ఇస్త్రీ చేసిందీ తనే. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ నెలకోసారి, మొదటి ఆదివారం, శ్రీకాకుళంలో వాళ్ల బాప్టిస్టు చర్చిలో సంఘమంతా పంచుకునే ప్రభువు బల్లకు రొట్టె ఏసమ్మ చేతిదే. ఆయన కలెక్టరాఫీసులో అటెండరుగా ఉన్నన్నాళ్లూ చర్చికి నాలుగిళ్ల అవతలే ఉండేవాళ్లు. ఆయన పోయాక పొందూరు వచ్చేసింది, అయినా రొట్టె మానలేదు, మోకాళ్లు మానమని మొత్తుకున్నా మానలేదు. ఈ వేళ ఒళ్లో రొట్టెతో పాటు పక్కన తమ ఊరి పిల్ల రూబీ కూడా ఉంది. కిటికీ వైపు కూర్చుని బయటికి చూస్తోంది, చూస్తోందో లేదో. నిన్న ఇంటికొచ్చిన మరిది ఏసుదానం, రిటైరైన హెడ్మాస్టరు, ఇప్పుడు సంఘ పెద్ద, కాఫీ గ్లాసు కింద పెడుతూ అన్నాడు, రొట్టే రూబీ రెండూ నీ చేతి మీదుగానే రావాల వదినా అని. రొట్టెకూ పిల్లకూ తేడా లేనట్టే అన్నాడు. అప్పుడు తట్టలేదు, ఇప్పుడు తడుతోంది. ఏసమ్మ బుర్ర ఎప్పుడూ అంతే, జాతర అయిపోయాక డప్పు వినిపిస్తుంది దానికి.

బల్లకు ముందు సమాధానం అని ఆ చర్చిలో తాతల నాటి వాడుక ఒకటుంది. రొట్టె విరిచే ముందు అయ్యగారు కాసేపు ఆగుతారు. అయ్యగారంటే పాస్టరుగారే, ఆ చర్చిలో ఆయన్ని మరో పేరుతో ఎవరూ పిలవరు. ఎవరికైనా ఎవరి మీదైనా మనసులో కోపముంటే అప్పుడు లేచి వెళ్లి ఆ మనిషి చెయ్యి పట్టుకోవాలి, పట్టుకున్నాకే రొట్టె ముట్టాలి. మంచి వాడుకే, కాదని ఎవరంటారు? పొలం గట్టు కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగిన అన్నదమ్ములు ఒక మొదటి ఆదివారం బల్ల ముందు కావలించుకుని చిన్నపిల్లల్లా ఏడ్చారు. ఆ వేళ గుడ్డ మడత పెడుతూ ఏసమ్మ కూడా ఏడ్చింది. ఆ వాడుకే ఈ వేళ రూబీ మెడకు చుట్టుకుంది. సంఘమంతా చూస్తుండగా రూబీ లేచి, బల్ల దాకా నడిచి, అయ్యగారి చెయ్యి పట్టుకుని, నేను సమాధానపడ్డాను అనాలి. తోడు ఏసమ్మ వెళ్లాలి. అందరూ పాట ఎత్తుకుంటారు, కుర్రాళ్లు ఫోన్లలో తీస్తారు, సాయంత్రానికి జిల్లా అంతా చూస్తుంది. ఏం జరిగిందో రేపు స్టేషనుకొచ్చి చెప్పమని ఎస్సై ఇప్పటికే రూబీకి కబురు పెట్టాడు. ఆదివారం చెయ్యి కలిపిన పిల్ల సోమవారం ఏం చెప్తుంది? చెప్పినా ఎవరు వింటారు? ఏసుదానం అంత మాట అనలేదు. సోమవారం సంగతి ప్రభువు చూసుకుంటాడు వదినా అన్నాడు. సోమవారాలన్నీ ప్రభువుకు అప్పగించి ఆదివారాలు తన దగ్గరుంచుకోవడం ఏసుదానానికి మొదటి నుంచీ అలవాటు.

రూబీ చెప్పింది పెద్ద కథ కాదు. పొందూరు నుంచి శ్రీకాకుళం వెళ్లి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, ఆ చర్చి గాయకబృందంలో పాడుతుంది. పరీక్షల ముందు పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని అయ్యగారి దగ్గరికి వెళ్తారు, అదీ వాడుకే. వేదిక వెనక చిన్న గదిలో ఒక్కొక్కళ్లనే పిలిచి, కళ్లు మూసుకోమని, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. రూబీకి ఆ చెయ్యి తల మీద ఆగలేదు. అంతే చెప్పింది. అంతకన్నా చెప్పమన్న వాళ్లున్నారు, ఎంతసేపని అడిగిన వాళ్లున్నారు, నువ్వెందుకు అరవలేదని అడిగిన వాళ్లున్నారు. వాళ్లమ్మ లక్ష్మణమ్మ కూలికెళ్లే మనిషి, కూలి పోగొట్టుకుని మరీ ఏసుదానం ఇంటికెళ్లి చెప్పుకుంది. ఆయన విని, నిట్టూర్చి, దీన్ని ప్రార్థనలో పెడదాం అన్నాడు. పెట్టాడు కూడా. బుధవారం ప్రార్థన కూటంలో ఒక చెల్లెలి ఆత్మీయ పోరాటం గురించి అని ఒక అంశం చదివారు. ఆ అంశం మీద ప్రార్థన చేసింది ఎవరు? అయ్యగారే, మోకాళ్ల మీద, గొంతు వణుకుతూ. ఏసమ్మ ఆ వేళ అక్కడే ఉంది, ఆ చెల్లెలెవరో తెలియక తనూ గట్టిగా ఆమేన్ అంది. ఆ ఆమేన్ ఇప్పుడు చేప ముల్లులా గొంతులో ఉంది. లోపలికి దిగదు, బయటికి రాదు.

ఆ తర్వాత రూబీ కాలేజీలో స్నేహితురాలికి చెప్పడం, ఆ పిల్ల అన్నకు టీవీ వాళ్లు తెలిసి ఉండడం, చర్చి ముందుకు నెత్తిన డిష్షు గొడుగుతో టీవీ వ్యాను రావడం, అన్నీ వరసగా జరిగిపోయాయి. ఒక వారం పాటు ఏ ఇంట్లో టీవీ పెట్టినా వాళ్ల చర్చి గేటే. గేటు మీద ఏసమ్మ మొగుడు దగ్గరుండి వేయించిన నీలం రంగు, దాని కింద ఎర్రక్షరాలు పరుగెడుతూ ఉండేవి. పాలు పోసే సుభద్రమ్మ వస్తుందంటే ఏసమ్మకు గుండెలు పీచుపీచుమనేవి. సుభద్రమ్మ వాళ్లది పక్క వీధి, నాగలి పట్టిన పాత కాపులు, ఇద్దరికీ పాల గిన్నె దగ్గర కష్టసుఖాల స్నేహం. భయం ఎందుకంటే, అంతకు ముందేడు ఎవరో స్వామి టీవీకెక్కినప్పుడు, ఇదే గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడి ఏసమ్మ అనలేదూ, కాషాయం కట్టేత్తే సరిపోద్దేటి సుభద్రమ్మా అని? అంటూ ఉంటే లోపల కాస్త తియ్యగా కూడా ఉండలేదూ? మన వాళ్లయితే అలా చెయ్యరని అనుకోలేదూ? ఆ మాట వడ్డీతో తిరిగొస్తుందని తల వంచుకుని గిన్నె పట్టింది. సుభద్రమ్మ పాలు పోసింది, చెంబు తుడుచుకుంది, వెళ్లబోతూ ఆగింది.

"ఆ గుంట కూడు తింతన్నాదేటి ఏసమ్మా?" అంది.

అంతే. మీ అయ్యగోరు అనలేదు, మీ మతం అనలేదు. ఇన్ని వారాల్లో ఇన్ని నోళ్లు రూబీ గురించి మాట్లాడాయి గానీ, తింటోందా అని అడిగిన నోరు అదొక్కటే. అడిగిన మనిషి ప్రార్థన కూటంలో లేదు, సంఘంలో లేదు, పొద్దున్నే సూర్యుడికి దణ్ణం పెట్టుకునే మనిషి. ఏసమ్మ వెళ్లి చూడనేలేదు. తింతాదిలే అంది, పాలు లోపల పెట్టి వచ్చేసరికి సుభద్రమ్మ వీధి మలుపు తిరిగిపోయింది.

బస్సు ఎక్కడో ఆగింది, వంకాయ బుట్టలతో ఆడవాళ్లెక్కారు, ఒక బుట్ట వచ్చి ఏసమ్మ మోకాలికి ఆనింది. జరగమనడానికి కూడా ఓపిక లేదు. ఇన్ని రోజులుగా ఇదే అలసట, పని చేసి వచ్చింది కాదు, మోయలేనిదాన్ని దించలేక వచ్చింది. ఎవరి మాట నమ్మాలి? టీవీ వాడి మాటా? వాడికి ఇవాళ చర్చి, రేపు గుడి, ఎల్లుండి హాస్టలు, కూరలోకి ఏది దొరికితే అది. అబద్ధపు మాటలు లేవా అంటే ఉన్నాయి. పక్క ఊరి టీచరు మీద ఇలాగే వచ్చింది, చివరికి అదంతా ట్యూషన్ల పోటీ అని తేలింది, తేలేసరికి ఆయన ఊరొదిలి పోయాడు. మరి అయ్యగారు? పెద్ద తుఫానుకు చర్చి కప్పు లేచిపోతే లుంగీ ఎగ్గట్టి రేకుల మీదికెక్కింది ఆయనే. ఏసమ్మ మొగుడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రి కాపలా కాసింది ఆయనే, మట్టి చేసేటప్పుడు గోతి పక్కన నిలబడి, నా స్వంత అన్న పోయాడు అని ఏడ్చింది ఆయనే. ఆ ఏడుపు అబద్ధం కాదు, ఏసమ్మకు తెలుసు, ఎవడు ఏడుస్తున్నాడో ఎవడు నటిస్తున్నాడో చావింట్లో ఆడవాళ్లకు తెలిసిపోతుంది. అదే కదా మోయలేకపోతున్నది. ఆ చేతులే ఈ చేతులా? ఒకే మనిషికి రెండు జతల చేతులుంటాయా? మంచి చేసిన చెయ్యి చెడు చెయ్యదని ఏ వాక్యంలోనూ చెప్పలేదు, అలా చెప్పి ఉంటే బాగుండునని మాత్రం చాలాసార్లు అనిపించింది.

పెద్దల దగ్గర మాత్రం మాటలకు కరువు లేదు. అభిషేకం పొందిన మనిషిని ముట్టకూడదు అన్నారు. ముట్టకూడదట, ముట్టుకున్నదెవరని ఎవరూ అడగరేం. సంఘ కాపరి మీద నేరం మోపాలంటే ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలి, లేఖనం అన్నారు. కావాలి నిజమే, కానీ కళ్లు మూసుకోమన్న గదిలోకి సాక్షులెక్కడి నుంచి వస్తారు నాయనా. ఒక్క పిల్ల కోసం సంఘాన్నంతా పాడు చేసుకుంటామా వదినా అన్నాడు ఏసుదానం. సండే స్కూల్లో తప్పిపోయిన గొర్రె కథ ఆయనే చెప్పేవాడు, ఒక్కదాని కోసం కాపరి మందనంతా వదిలి కొండలెక్కాడని, చెప్తూ చెప్తూ గొర్రెలా అరిచి పిల్లల్ని నవ్వించేవాడు. ముసలివాడయ్యాక కథ తిరగబడినట్టుంది. పోనీ, నిజం ఏమిటో ఏసమ్మకు తెలియదు, తెలిసిన వాళ్లిద్దరే, మూడో వాడు దేవుడు. కానీ తేలాలంటే పిల్ల నోరు తెరవాలి కదా. తప్పు లేని మనిషికి ఆ నోటితో భయమెందుకు, చెప్పనిచ్చి, అడగాల్సినవి అడిగి, ఆయన చెప్పేది ఆయన చెప్పి, తేలేదాకా పక్కన కూర్చుంటే పోయేదేముంది? ఈ చెయ్యి కలపడం, ఈ పాట, ఈ ఫోన్లు, ఇవన్నీ ఆ నోటికి కుట్లు కాదా? ఇంత దూరం ఆలోచించి ఏసమ్మకు భయం వేసింది, డబ్బా మీద రెండు చేతులూ వేసుకుని కళ్లు మూసుకుంది, అంతలో సంచీలో ఫోను మోగింది.

"వదినా, ఎంతవరకొచ్చేరు?"

"సిలకపాలెం కాడున్నాం."

"బేగి రండి. పాటలు మొదలెట్టేసేరు. పిల్ల ఉపవాసంతోనే ఉన్నాది కదా? నిన్న మజ్జాన్నం నుంచి ఏటీ ముట్టకూడదని సెప్పినాను. నిమ్మళమైన మనసుతో రావాల."

"ఉన్నాది. మరి అయ్యగారో?"

"ఆయనకి సుగరు కదా వదినా, ఉపవాసాలు పడవు. పొద్దున్నే టిఫినయిపోనాది."

అయ్యగారి సుగరు ఏసమ్మకు తెలియంది కాదు, ఆయనకు విడిగా చక్కెర లేని కాఫీ పెట్టేది తనే. అయినా ఆ టిఫిను మాట విన్నాక ఒళ్లోంచి వచ్చే రొట్టె వాసన ఒక్కసారిగా పెద్దదైంది. పక్కకు చూసింది. రూబీ పెదాలు ఎండి పొలుసు కట్టాయి. చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది. ఇంత దగ్గర్లో ఇంత వాసన వస్తుంటే ఆ పిల్ల తల తిప్పి డబ్బా వైపు చూడను కూడా లేదు. బల్ల రొట్టె మీద చూపు పడితేనే తప్పని పెంచారు కదా ఇళ్లలో అందర్నీ. కొడుకు పాల్ చిన్నప్పుడు దాని అంచు గిల్లుకు తిన్నాడని ఏసమ్మ వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. ప్రభువు ముందర నువ్వు తినేత్తావేట్రా అంది. వాడు ఏడుస్తూ, ప్రభువుకి ఆకలేస్తాదా అమ్మా అని అడిగాడు. వాడికి ఇప్పుడు పెళ్లీడు పిల్లలు, ఆ ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉంది.

పోయిన ఆదివారం సంగతి. పెద్ద ప్రార్థన జరుగుతోంది, సంఘమంతా తలలు వంచి కళ్లు మూసుకుంది. బల్ల మీది గుడ్డ గాలికి జారుతున్నట్టు చప్పుడైతే ఏసమ్మ ఒక కన్ను తెరిచింది, ఆ గుడ్డ తన బిడ్డలాంటిది, దేవుడు ఏమీ అనుకోడు. గుడ్డ బాగానే ఉంది. కన్ను మూయబోతూ చూసింది, అన్ని వంచిన తలల మధ్య ఒక్క తల నిటారుగా ఉంది. రూబీ. వెనక వరసలో, గోడకు వీపు ఆన్చి, రెండు కళ్లూ తెరుచుకుని ఉంది. వేదిక మీద చాచిన అయ్యగారి చేతుల్నే చూస్తోంది, ఎటు కదిలితే అటు. పామున్న గదిలో నిలబడిన మనిషి అలా చూస్తాడు. పొగరుగా చూస్తోందని ఎవరైనా అనుకోవచ్చు, ఏసమ్మ మాత్రం ఆ పిల్ల మెడ మీద నరం కొట్టుకోవడం చూసింది. ఉయ్యాలలో ఉన్నప్పుడు ఈ పిల్లను దేవుడికి ప్రతిష్ఠించడానికి చర్చికి తెచ్చింది ఏసమ్మ చేతులే, మాటలు రాని వయసులోనే ప్రార్థన అనగానే రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు సంఘం మధ్యలో, పగటి వెలుగులో, రెప్ప వెయ్యడానికి భయపడుతోంది. కావాలని అబద్ధమాడే పిల్ల కళ్లు మూసుకోదా? అందరికన్నా ముందు మూసుకుంటుంది. ఇది సాక్ష్యం కాదు. ఎస్సై ముందు చెప్పినా రాసుకోడు, పెద్దల ముందు చెప్తే, ప్రార్థనలో నీ కళ్లెందుకు తెరుచుకున్నాయి వదినా అంటారు. ఆ వేళ నుంచీ ఏసమ్మకు సరిగా నిద్ర లేదు.

వంతెన వస్తోంది కాబోలు, గాలి చల్లబడింది. గాలితో పాటు అమ్మడు వదిన గుర్తుకొచ్చింది. మొగుడి పెద్దక్క, చీపురుపల్లి చర్చిలో ఒకప్పుడు పిల్లలకు పాటలు నేర్పిన మనిషి, ఆవిడ పాడితే రైలు దిగిన వాళ్లు కూడా ఆగి వినేవాళ్లట. ఏసమ్మ కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఆ ఇంటికెళ్లినప్పుడు ఆదివారం ఆవిడ పక్కన కూర్చుంది. రొట్టె పళ్లెం వరసలో వస్తోంది, అమ్మడు వదిన అందుకుంది, తను తీసుకోకుండా ఏసమ్మ చేతికిచ్చింది. ద్రాక్షరసమూ అంతే. అప్పుడే కాదు, ఆ తర్వాత ఎప్పుడెళ్లినా అంతే, బతికున్నన్నాళ్లూ ప్రతి మొదటి ఆదివారం పళ్లెం అందుకునేది, పక్కకు ఇచ్చేసేది. గర్వం అనేది ఏసమ్మ అత్తగారు, కన్నకూతురి గురించే. ఏసమ్మ కాపురానికి రాకముందెప్పుడో ఎవరో ప్రసంగీకుడి మీద ఏదో చెప్పిందట, పెద్దలు కూర్చోబెట్టి బల్ల ముందు చెయ్యి కలిపించారట, అయినా ఇంకా మనసులో పెట్టుకుంది, చూడు ఆ గర్వం, అనేది. ఏసమ్మ కూడా నిజమే కాబోలు అనుకుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వడియాలు పెడుతూ, ఎందుకు తీసుకోవు వదినా అని అడిగితే ఆవిడ చెయ్యి ఆపలేదు. ఆ సెయ్యి పట్టుకున్న సేత్తో తినబుద్ధి కాదే ఏసమ్మా, అంది. పిండిలో జీలకర్ర చాలిందా చూడమంది. పాటలు నేర్పిన మనిషి చెయ్యి కలిపిన ఆ రోజు తర్వాత పాడగా ఎవరూ వినలేదు, ఎందుకు పాడటం లేదని ఎవరూ అడగనూ లేదు, ఊరికి పాడేవాళ్లు ఇంకొకళ్లు దొరికారు.

ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ బల్ల దాకా నడిపించింది ఎవరో. ఏసమ్మ ఇన్నేళ్లలో ఆ సంగతే ఆలోచించలేదు. ఒక ఆడమనిషే అయి ఉంటుంది, నడిపించడానికి ఎప్పుడూ ఆడమనిషినే పెడతారు, మగవాడు పట్టుకుంటే లాక్కొచ్చినట్టుంటుంది. ఎవరో మంచి మనిషి, పెద్ద మనిషి, సంఘంలో పేరున్న మనిషి, బహుశా రొట్టె చేసే మనిషి. బస్సు వంతెన మీదికెక్కింది. కింద నాగావళి ఇసక మధ్య సన్నగా పారుతోంది, బట్టలు ఆరేసిన చోట రంగులు మెరుస్తున్నాయి. ఏసమ్మకు మోకాళ్లు కాదు, ఒంట్లో ఎముకలన్నీ నొప్పెట్టాయి. ప్రభువా నేను ముసలిదాన్నయ్యాను, ఈ పని ఇంకెవరికైనా చెప్పకూడదా అనుకుంది. ఆయన ఇంకెవరికీ చెప్పలేదు, అలాంటివి వినడు.

స్టాపులో దిగారు. చర్చి అక్కడికి ఒక సందు అవతల, మైకులో పాట వినిపిస్తోంది, కీబోర్డు వాయించే కుర్రాడు ఎప్పటిలాగే తాళం కన్నా ముందు పోతున్నాడు. రూబీ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఏడవలేదు, రానని అనలేదు, ఎండలో కట్టేసిన దూడలా ఉన్నచోటే నిలబడిపోయింది. ఏసమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకోబోయింది. పట్టుకోబోయి, తన చెయ్యి తనే చూసుకుని, దించేసింది.

"రూబీ, నీకేటి కావాలే?"

రూబీ తల తిప్పి చూసింది, అర్థం కానట్టు. ఏం జరిగిందని అడిగారు, ఎప్పుడని అడిగారు, ఎందుకు చెప్పావని అడిగారు, క్షమిస్తావా అని అడిగారు. ఇది మాత్రం ఎవరూ అడగలేదు. చున్నీ కొస మళ్లీ వేలికి చుట్టుకుంది. చివరికి చాలా చిన్న గొంతుతో, తప్పు చేస్తున్నదానిలా అంది.

"ఆకలేస్తన్నాది మామ్మా."

స్టాపులో సిమెంటు బల్ల ఉంది, ఎవరో తుడిచిన తమలపాకు సున్నం మరకతో. ఏసమ్మ దాని మీద కూలబడింది. డబ్బా మూత తీసింది, ఖద్దరు గుడ్డ మడతలు విప్పింది, ఇస్త్రీ చేసిన గీతలు అలాగే ఉన్నాయి. పాల్ వీపు మీద వేసిన దెబ్బ గుర్తుకొచ్చి ఒక్క క్షణం వేళ్లు ఆగాయి. ఆకలి వేస్తుందిరా, వేస్తుంది, నాకే తెలియలేదు, అనుకుంది. రొట్టె మధ్యకు విరిచి పెద్ద ముక్క రూబీ చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ, తినే ముందు ప్రార్థన కోసం, తన చెయ్యి ఆ పిల్ల తల మీదికి లేచింది. రూబీ భుజాలు చటుక్కున మూసుకున్నాయి, రొట్టె ముక్క కింద పడబోయింది. ఏసమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఇన్ని వారాలు ఎటూ తేల్చుకోలేక మోసిందంతా ఆ భుజాల కదలికతో తేలిపోయింది, సాక్షి కావాలని అడుగుతారు కదా, సరే, సాక్షి తను.

"కళ్లు ముయ్యకు తల్లీ, అక్కర్లేదు. నానూ ముయ్యను," అంది. సందు వైపు, పాట వైపు, వంకాయ బుట్టలు దింపుతున్న ఆడవాళ్ల వైపు కళ్లు తెరిచి చూస్తూనే ప్రార్థన చేసింది. "ప్రబువా, ఈ గుంటకి ఆకలేస్తన్నాది. ఆమేన్."

రూబీ తింది. మొదట అంచు కొరికింది, తర్వాత ఆగలేకపోయింది. రెండో ముక్క కూడా ఏసమ్మ దాని చేతికే ఇచ్చింది. పక్కన సోడా బండివాడి దగ్గర మంచినీళ్లు అడిగి తెచ్చింది. ఉప్పు లేని రొట్టె, నీళ్లలో కలిసి ఎలా దిగుతుందో ఏమో, ఆ పిల్ల దాన్ని బిర్యానీలా తింటుంటే చూసి ఏసమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, రెండింటికీ ఓపిక లేక కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇప్పుడు నిన్నేటంటారో మామ్మా," అంది రూబీ, నోట్లో ముక్కతో.

"అంటారు. అననీ. నా మోకాళ్ల నొప్పుల ముందర వాళ్ల మాటలేపాటి. రేపు స్టేషనుకి నానొస్తాను, మీ యమ్మ కూలి పోగొట్టుకోనక్కర్లేదు. నువ్వు సెప్పినంత సేపూ పక్కనే కూకుంటాను."

రూబీ నమలడం ఆపి ఆమె ముఖంలోకి చూసింది, మిగిలిన నీళ్లు తాగేసింది. గుడ్డ మీద పొడి మాత్రం మిగిలింది. ఏసమ్మ దాన్ని పిచుకలకు దులిపి, గుడ్డ నాలుగు మడతలు పెట్టి, ఖాళీ డబ్బాలో వేసి మూత పెట్టింది. సందులో పాట ఆగింది. ఫోను మోగింది.

"వదినా, దిగేరా? ఎక్కడున్నారు? అయ్యగారు బల్ల కాడ నిలబడిపోనారు. రొట్టేదీ?"

"రొట్టె లేదు ఏసుదానం."

"లేదేటి?"

"గుంట తినేసినాది. నిన్నటి నుంచి పస్తు పెట్టేరు కదా."

అవతల ఎవరో మైకు సరిచేస్తున్న చప్పుడు, పసిపిల్ల ఏడుపు, ఏసుదానం ఊపిరి. ఆయన గొంతు తగ్గించాడు, చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టున్నాడు. "ఏటిది వదినా, నువ్వేనా? సరే, బజార్లో బ్రెడ్డయినా తెప్పిస్తాను, ఆ పిల్లని తీసుకుని రా ముందు."

"నాను రాను, గుంటని తేను. నిజం తేలేదాకా ఆయన బల్ల కాడ నిలబడకూడదు. నిలబడినన్నాళ్లు నా సేతి రొట్టె రాదు. బజారు బ్రెడ్డు నీ ఇష్టం, అది నువ్వే సంఘానికి పెట్టుకో."

పెట్టేశాడేమో అనుకుంది. పెట్టెయ్యలేదు. హెడ్మాస్టరు గొంతు పోయి, తను కాపురానికొచ్చిన కొత్తలో జామకాయల కోసం చెట్టెక్కి దిగలేక ఏడ్చిన చిన్న మరిది గొంతు వచ్చింది.

"ఇంతమంది కూకున్నారు వదినా. సంఘానికేటి సెప్పమంటావు నన్ను?"

"రొట్టె లేదని సెప్పు," అంది ఏసమ్మ. "ఈపాలి అబద్దం ఆడక్కర్లేదు."